వదిలిందెంత? అందిందెంత?

“మందు ఎక్కించేశారు. అంతా బాగా జరిగిందని డాక్టరు గారే చెప్పారు. మరి మళ్లీ ఈ పెట్ స్కాన్ ఎందుకండీ?”

లివర్ క్యాన్సర్‌కి ‘వై-90’ వైద్యం చేయించుకున్నవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న రావడం సహజం. అప్పటికే లక్షల్లో ఖర్చయి ఉంటుంది. యాంజియోగ్రామ్‌లు, సీటీలు, ఎమ్మారైలు, రక్తపరీక్షలు అన్నీ అయి ఉంటాయి. ‘పెట్ స్కాన్’ అనగానే మరో బిల్లు, మరో భయం. ‘క్యాన్సర్ ఇంకెక్కడికైనా పాకిందని అనుమానమేమో’ అని ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ముందు ఆ భయం తీసేద్దాం. ఈ పెట్ స్కాన్ క్యాన్సర్‌ను వెతకడానికి కాదు. ఇచ్చిన మందు ఎక్కడికి పోయిందో, గడ్డకి ఎంత అందిందో చూడటానికి. చాలామంది ఎరిగిన పెట్ స్కాన్‌లో రేడియో ధార్మిక గ్లూకోజును ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇక్కడ ఆ ఇంజెక్షన్ ఉండదు. అప్పటికే లివర్లో ఉన్న మందే తన ఆచూకీ తాను చెబుతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వ్యవసాయం చేసినవాళ్లకి ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది. లాకుల దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలామని కాగితం మీద రాసుకుంటారు. కానీ శివారు రైతు అడిగేది ఆ లెక్క కాదు. “మా మడికి నీళ్లెక్కాయా లేదా?” అని. అది తెలియాలంటే లస్కరు గట్టు వెంట చివరిదాకా నడిచి చూసి రావాలి. వై-90 తర్వాత తీసే పెట్ స్కాన్ ఆ లస్కరు లాంటిది.

గోళీలంటే గోళీలే

అసలు ఈ వైద్యం ఏమిటో చూద్దాం. దీన్ని ‘రేడియో ఎంబోలైజేషన్’ అంటారు. కొందరు డాక్టర్లు ‘టేర్’ అనీ, ‘సర్ట్’ అనీ అంటారు. పేర్లు వేరైనా పని ఒకటే.

మన లివర్‌కి రెండు దారుల్లో రక్తం వస్తుంది. దాదాపు ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతా పావు వంతు గుండె వైపు నుంచి వచ్చే హెపాటిక్ ధమని ద్వారా. మంచి లివర్ ఎక్కువగా సిర మీద ఆధారపడుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం తన తిండి అంతా దాదాపుగా ధమని నుంచే లాక్కుంటుంది. శత్రువు ఏ దారిన తిండి తెచ్చుకుంటున్నాడో తెలిస్తే ఆ దారినే విషం పంపొచ్చు. ఈ వైద్యానికి మూలం ఇదే.

తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకి రక్తం ఇచ్చే ధమని కొమ్మ దాకా తీసుకెళతారు. అక్కడినుంచి లక్షల సంఖ్యలో సూక్ష్మమైన గోళీలు వదులుతారు. గాజుతో చేసినవి అయితే 20 నుంచి 30 మైక్రాన్లు, రెజిన్‌తో చేసినవి 20 నుంచి 60 మైక్రాన్లు ఉంటాయి. అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువే. వాటిలో ఇట్రియం-90 అనే రేడియో ధార్మిక పదార్థం ఉంటుంది. గోళీలు గడ్డలోని సన్నటి నాళాల్లో ఇరుక్కుపోయి, అక్కడే ఉండి, చుట్టూ ఉన్న కణాల మీద బీటా కిరణాలు కురిపిస్తాయి.

ఈ కిరణాలు ఒంట్లో సగటున రెండున్నర మిల్లీమీటర్ల దూరమే పోతాయి. మహా అయితే 11 మిల్లీమీటర్లు. ఇట్రియం-90 శక్తి ప్రతి 64 గంటలకీ సగానికి సగం పడిపోతుంది. 11 రోజులు గడిచేసరికి పని నూటికి 94 వంతులు అయిపోయినట్టే. గోళీలు మాత్రం లివర్లోనే ఉండిపోతాయి. వాటివల్ల ఇబ్బంది లేదు.

చదవడానికి ఎంతో బాగుంది కదా! తిరకాసు ఎక్కడంటే, గోళీలకు కళ్లు లేవు. రక్తం ఎటు తీసుకుపోతే అటు పోతాయి.

సీసా ఒకటే, ఫలితం వేరు

చిన్న లెక్క చూద్దాం. కణజాలానికి అందిన రేడియేషన్‌ను ‘గ్రే’లలో కొలుస్తారు. బ్రిటన్ శాస్త్రవేత్త లూయిస్ హెరాల్డ్ గ్రే పేరు మీద పెట్టిన కొలత ఇది. ఒక గిగాబెక్వరెల్ ఇట్రియం-90 ఒక కిలో కణజాలంలో సమానంగా సర్దుకుంటే, మొత్తం మీద సుమారు 50 గ్రేలు అందుతాయి.

ఇప్పుడు ఇద్దరు పేషెంట్లను ఊహించుకోండి. ఇద్దరికీ మందు పంపుతున్న లివర్ భాగం కిలో బరువు. అందులో గడ్డ 200 గ్రాములు. ఇద్దరికీ ఇచ్చింది రెండు గిగాబెక్వరెల్స్. మొదటాయన గడ్డ రక్తాన్ని గట్టిగా లాక్కుంటోంది, కాబట్టి సగం మందు గడ్డలోకే పోయింది. గడ్డకి 250 గ్రేలు అందాయి. చుట్టూ ఉన్న మంచి లివర్‌కి 62 గ్రేల చిల్లర. రెండో ఆయన గడ్డకి అంత ఆకలి లేదు. మందు అంతటా సమానంగా పరుచుకుంది. గడ్డకీ 100 గ్రేలే, మంచి లివర్‌కీ 100 గ్రేలే.

కేస్ షీట్‌లో ఇద్దరికీ ఒకటే రాస్తారు: ‘రెండు గిగాబెక్వరెల్స్ ఇచ్చాం, ప్రొసీజర్ సక్సెస్’. కానీ ఒకాయనకు గడ్డ మాడిపోయేంత అందింది. ఇంకొకాయనకు గడ్డకి చాలలేదు, మంచి లివర్‌కి ఎక్కువైంది. వదిలిన లెక్కకీ అందిన లెక్కకీ మధ్య తేడా ఇది.

ముందు రిహార్సల్ చేస్తారు కదా?

చేస్తారు. అసలు మందుకు ముందు, టెక్నీషియం-99ఎం తగిలించిన ఆల్బుమిన్ రేణువులను అదే దారిలో పంపి స్కాన్ తీస్తారు. ఊపిరితిత్తులకు ఎంత జారిపోతోంది, పొట్టకో పేగుకో పోతోందా అన్నది అందులో చూస్తారు. ఊపిరితిత్తులకు ఒక విడతలో 30 గ్రేలు దాటకూడదన్నది ఆనవాయితీగా పాటించే హద్దు. దాటేలా ఉంటే మోతాదు తగ్గిస్తారు, లేదా ఈ వైద్యమే వద్దంటారు. ఈ రిహార్సల్ చాలా విలువైనది. అది లేకుండా ముందుకు పోకూడదు.

అయినా రిహార్సల్ రిహార్సలే. ఆల్బుమిన్ రేణువుల సైజు వేరు, సంఖ్య వేరు. అసలు రోజున గొట్టం చివర కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ప్రవాహం వేరే కొమ్మలోకి మళ్లొచ్చు. రిహార్సల్‌కీ అసలుకీ మధ్య రోజులు గడుస్తాయి కూడా. అందుకే అసలు మందు ఎటు పోయిందో అసలు మందునే చూడాలి.

పది లక్షల్లో ముప్పై రెండు

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఇట్రియం-90 పూర్తిగా బీటా కిరణాల జాతి. ఆ కిరణాలు ఒళ్లు దాటి బయటికి రావు. బయటికి రానిదాన్ని కెమెరా ఎలా పట్టుకుంటుంది?

చాలాకాలం ఒక అడ్డదారి వాడారు. బీటా కణాలకు ఒంట్లో బ్రేకు పడి నెమ్మదించేటప్పుడు కొద్దిగా ఎక్స్ కిరణాలు పుడతాయి. గామా కెమెరాతో వాటిని పట్టి బొమ్మ తీసేవాళ్లు. ఆ బొమ్మ తడిసిన కాగితం మీద సిరాబొట్టులా అలుక్కుపోయి ఉంటుంది. మందు లివర్లో ఉందా, పొట్టలోకి పోయిందా చెప్పడానికి పనికొస్తుంది. గడ్డలో ఏ మూల ఎంత ఉందో చెప్పాలంటే కష్టం. చాలాచోట్ల ఇప్పటికీ ఇదే వాడుతున్నారు.

పెట్ మెషీన్‌కి కావలసింది పాజిట్రాన్. పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. చుట్టూ ఉన్న రింగు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుని ‘ఈ గీత మీద ఎక్కడో పుట్టింది’ అని గుర్తిస్తుంది. అలాంటి గీతలు లక్షలు కలిస్తే బొమ్మ.

ఇట్రియం-90 జిర్కోనియం-90గా మారేటప్పుడు, ఎంతో అరుదుగా, ఒక ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంట పుడుతుంది. పది లక్షల అణువులు విచ్ఛిన్నమైతే అలా జరిగేది దాదాపు 32 సార్లు. భౌతిక శాస్త్రవేత్తలకు ఇది 1950ల నుంచే తెలుసు. ఆస్పత్రిలో దీనికి ఒక పని ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 2009లో బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయం వైద్యులు ఈ పిడికెడు పాజిట్రాన్లనే పట్టుకుని, లివర్లో గోళీలు ఎక్కడెక్కడ సర్దుకున్నాయో చక్కటి పెట్ బొమ్మ ప్రచురించారు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు.

32 అంటే ఏ మూలకు అనిపిస్తుంది. మూడు గిగాబెక్వరెల్స్ ఇస్తే సెకనుకు 300 కోట్ల అణువులు విచ్ఛిన్నమవుతాయి. అందులో పాజిట్రాన్లు సుమారు 96 వేలు. మామూలు గ్లూకోజు పెట్ స్కాన్‌తో పోలిస్తే వేల రెట్లు తక్కువ. అయినా ఆ 96 వేలూ దాదాపు లివర్లోనే గుమిగూడి ఉంటాయి కాబట్టి సరిపోతుంది. కాకపోతే మెషీన్ కింద ఎక్కువసేపు, అరగంటో ఆ పైనో, కదలకుండా పడుకోవాలి. మందు ఇచ్చిన రోజో, మర్నాడో తీసేస్తారు. శక్తి తరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది కాబట్టి ఆలస్యం చేస్తే ప్రయోజనం తగ్గుతుంది.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. గోళీలు పడ్డచోటే ఉండిపోతాయి, కరగవు, కదలవు. కాబట్టి ఒక్కసారి బొమ్మ తీసి, శక్తి తగ్గే వేగంతో లెక్కగడితే, మొత్తం వైద్యంలో ఏ భాగానికి ఎన్ని గ్రేలు అందుతాయో తేలిపోతుంది. మళ్లీ మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యం?

ఫ్రాన్స్‌లో జరిగిన ‘సారా’ అనే పెద్ద పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ముదిరిన లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో సగం మందికి రెజిన్ గోళీలు, సగం మందికి సొరాఫెనిబ్ మాత్రలు. గోళీల వాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 8 నెలలు, మాత్రల వాళ్లది 9.9 నెలలు. మరుసటి ఏడాది ఆసియా-పసిఫిక్ దేశాల ‘సర్వెనిబ్’ పరీక్షలోనూ అంతే: 8.8, 10 నెలలు. ‘ఇంత హడావుడి చేసి మాత్రల కన్నా మెరుగు కాలేదా’ అని చాలామంది నిరుత్సాహపడ్డారు.

తర్వాత సారా పరీక్షలోని కొందరి స్కాన్‌లు బయటికి తీసి, గడ్డకి నిజంగా ఎంత అంది ఉంటుందో రిహార్సల్ బొమ్మల ఆధారంగా లెక్కగట్టారు. గడ్డకి 100 గ్రేలు, ఆ పైన అందినవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 14.1 నెలలు. అంతకన్నా తక్కువ అందినవాళ్లది 6.1 నెలలు. అంటే ‘గోళీల వైద్యం’ అని ఒకే గాటన కట్టినవాళ్లలో రెండు రకాల మనుషులున్నారు. అందినవాళ్లు, అందనివాళ్లు.

ఇక్కడ తొందరపడకూడదు. మందు బాగా అందడం వల్ల ఎక్కువకాలం బతికారా, లేక తేలిక జబ్బు ఉన్నవాళ్ల గడ్డలే మందును బాగా పీల్చుకున్నాయా? వెనక్కి తిరిగి వేసిన లెక్కతో ఇది తేలదు. దాన్ని తేల్చడానికి ఫ్రాన్స్‌లోనే ‘డోసిస్ఫియర్’ పరీక్ష చేశారు. 60 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. ఒక జట్టుకి పాత పద్ధతిలో, లివర్ భాగం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని మోతాదు. రెండో జట్టుకి గడ్డకే కనీసం 205 గ్రేలు అందేలా మనిషిని బట్టి మోతాదు. 2021లో ఫలితం వచ్చింది. పాత పద్ధతిలో గడ్డ తగ్గినవాళ్లు నూటికి 36 మంది. లెక్కగట్టి ఇచ్చినవాళ్లలో 71 మంది. మధ్యస్థ ఆయుర్దాయం 10.7 నెలల నుంచి 26.6 నెలలకు పెరిగింది.

పరీక్ష చిన్నదే. కానీ అదే మందు, అదే గొట్టం, అదే రకం జబ్బు. మారింది లెక్క ఒక్కటే. ముందు వేసిన లెక్క నిజమైందో లేదో చూపించేది తర్వాత తీసే పెట్ స్కాన్.

సగటును నమ్మితే

‘గడ్డకి సగటున 250 గ్రేలు అందాయి’ అని రిపోర్టులో ఉంటే సంతోషమే. కానీ సగటులో మోసం ఉంది. జిల్లా సగటు వర్షపాతం బాగుందన్నా మన మండలం ఎండొచ్చు. గడ్డ నడుమ నిండా అంది, ఒక అంచున 40 గ్రేలే పడితే, జబ్బు మళ్లీ తలెత్తేది ఆ అంచు నుంచే. పెట్ బొమ్మతో గడ్డను చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి, ఎంత భాగానికి ఎంత అందిందో చూడొచ్చు.

గొడుగు కండరానికి ఆనుకున్న పెద్ద గడ్డల్లో ఒక్కోసారి ఆ కండరానికి వెళ్లే నాళం నుంచి కూడా గడ్డ దొంగచాటుగా రక్తం లాక్కుంటుంది. హెపాటిక్ ధమనిలో ఎంత మందు వదిలినా ఆ మూలకి పోదు. బొమ్మలో అక్కడ ముక్క కోసేసినట్టు ఖాళీగా కనిపిస్తుంది. చూసిన డాక్టరు ఆ రెండో దారి వెతికి మళ్లీ మందు పంపొచ్చు, లేదా ఆ మూలను సూదితో కాల్చొచ్చు, వేరే వైద్యం కలపొచ్చు.

ఈ స్కాన్ లేకపోతే ఎప్పుడు తెలుస్తుంది? గోళీల ప్రభావం సీటీలో, ఎమ్మారైలో తేటగా కనిపించడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. ఆయుర్దాయాన్ని నెలల్లో లెక్కబెట్టే జబ్బులో మూడు నెలలు ఊరికే పోవడమంటే చిన్న సంగతి కాదు. మర్నాడే తెలిస్తే ఆ నెలలు చేతిలో ఉంటాయి.

మంచి లివర్ విషయంలోనూ అంతే. దానికి మోతాదు మించితే సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కామెర్లు, పొట్టలో నీరు వచ్చే ప్రమాదం ఉంది. ఎక్కువ అందిందని ముందే తెలిస్తే రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయిస్తూ కనిపెట్టుకుని ఉంటారు.

స్కాన్‌కీ హద్దులున్నాయి

ఊపిరి తీసినప్పుడల్లా లివర్ కిందికీ పైకీ కదులుతుంది, బొమ్మ కొంచెం అలుక్కుపోతుంది. చిన్న గడ్డల్లో అసలు కన్నా తక్కువ అంకె చూపిస్తుంది. పాజిట్రాన్లు తక్కువ కాబట్టి బొమ్మలో గరుకుదనం ఉంటుంది. కాబట్టి 198 వచ్చిందని దిగులు, 210 వచ్చిందని పండగ అక్కర్లేదు. గాజు గోళీల గ్రేలనూ రెజిన్ గోళీల గ్రేలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక్కో గాజు గోళీలో శక్తి చాలా ఎక్కువ, అందుకని వాటి సంఖ్య తక్కువ, లక్ష్యాలు వేరు. పక్కింటాయనకి 205 అన్నారు, మాకు 120 అన్నారేమిటని కంగారు పడొద్దు. గడ్డ చచ్చిందా లేదా అని చివరి తీర్పు చెప్పేది ఎమ్మారై, సీటీ, ఏఎఫ్‌పీ పరీక్షలే.

డాక్టర్ని ఏం అడగాలి?

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఈ వైద్యం చేస్తున్నారు. ముంబైలోని బార్క్ ‘భాభాస్ఫియర్’ పేరుతో మన దేశపు గాజు గోళీలు తయారుచేసింది. కాబట్టి ఈ వైద్యం ఎక్కడో అమెరికా సంగతి కాదు. ఒప్పుకునే ముందే, మొహమాట పడకుండా, ఈ నాలుగూ అడగండి:

మందు ఇచ్చాక పెట్ తీస్తారా, గామా కెమెరా బొమ్మ తీస్తారా? ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా?

గడ్డకి ఎన్ని గ్రేలు అందాలని మీ లక్ష్యం? తర్వాత ఎన్ని అందాయో రిపోర్టులో రాసిస్తారా?

గడ్డలో అందని భాగం ఏమైనా ఉందా? మంచి లివర్‌కీ, ఊపిరితిత్తులకీ ఎంత పోయింది?

తక్కువ అందిందని తేలితే తర్వాత ఏం చేస్తారు, ఎన్ని రోజుల్లో?

ఇంటికొచ్చాక కొన్ని వారాలు నీరసం, కొద్దిపాటి జ్వరం, వికారం, పొట్టలో నొప్పి ఉండొచ్చు. కిరణాలు ఒళ్లు దాటి బయటికి రావు కాబట్టి వేరే గదిలో బంధించాల్సిన పని లేదు. డాక్టరు చెప్పిన కొద్దిరోజులు మాత్రం పసిపిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకోవడం, గర్భిణుల పక్కన గంటల తరబడి కూర్చోవడం మానాలి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మలం నల్లగా వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా ఆ పెట్ స్కాన్ సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. ఏడాది తర్వాత గడ్డ మళ్లీ తలెత్తి ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు చూడాల్సి వస్తే, ఈ లివర్ ఇప్పటికే ఎంత రేడియేషన్ తిన్నదో, ఇంకా ఎంత తట్టుకోగలదో ఆయనకు చెప్పేది ఆ సీడీయే. బీరువాలో పొలం కాగితాల పక్కన దానికీ కాస్త చోటివ్వండి.